పంతులమ్మగారి కళ్ళు

మా వీధిలో అవయవదానం మాట ఎత్తితే చాలు, ముందు వినబడేది "మావి పనికిరావులెండి" అన్న జవాబే. పాలు పోసే ఆయనకి షుగరు. రిటైరైన పోస్టుమాస్టరుగారికి రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషనైంది. మూలింటి దర్జీకి కుర్రతనంలో టీబీ వచ్చి తగ్గింది. ఎవరి జబ్బు వాళ్ళు అడ్డం పెట్టుకుని పక్కకి తప్పుకునేవారు. అలా తప్పుకోబోయేవాళ్ళని పిలిచి అరుగు మీద కూర్చోబెట్టి, ఒక్కొక్కరికీ విడమరిచి చెప్పి పంపేవారు మా ఎదురింటి పంతులమ్మగారు.

తణుకు హైస్కూల్లో ఆవిడ జీవశాస్త్రం చెప్పేవారు. "షుగరుంటే కళ్ళివ్వకూడదని నీకెవరు చెప్పారయ్యా? బీపీ ఉన్నా ఇవ్వొచ్చు, కళ్ళజోడున్నా ఇవ్వొచ్చు" అని పాలాయన్ని పంపేశారు. పోస్టుమాస్టరుగారికి బొమ్మ గీసి చూపించారు. "శుక్లమని మీకు తీసింది ఇదిగో, లోపలున్న కటకం. వాళ్ళు తీసుకునేది నల్లగుడ్డు మీదుండే కార్నియా, పైపొర. దానికీ దీనికీ సంబంధం లేదు." దర్జీతో ఇంకాస్త నిదానంగా మాట్లాడారు. "ఒంట్లో ఇప్పుడున్న టీబీ వేరు, కోర్సంతా వాడి ఏనాడో తగ్గిపోయిన టీబీ వేరు. నువ్వు పేరు రాయించుకో. ఆ వేళకి ఏది పనికొస్తుందో చూసుకునేది డాక్టర్లు. ముందే నీకు నువ్వు కొట్టేసుకోకు."

కామెర్లు వచ్చి తగ్గినవాళ్ళు అడిగితే, అవి ఏ కామెర్లో ఆరా తీసేవారు. నీళ్ళ వల్ల వచ్చి పూర్తిగా తగ్గిపోయినవైతే భయం లేదనీ, హెపటైటిస్ బి, సి అయితే రక్తపరీక్షలో ఎలాగూ తేలుతుందనీ చెప్పేవారు.

అందరికీ "ఔన"నే అనేవారని కాదు. ఒకాయన తమ్ముడు విశాఖపట్నంలో బ్లడ్ క్యాన్సర్‌తో ఆఖరి రోజుల్లో ఉన్నాడు. కళ్ళైనా ఇద్దామా అని ఆయన అడిగితే, ఆవిడ తల అడ్డంగా ఊపారు. "రక్తం క్యాన్సరుకి తీసుకోరు బాబూ. హెచ్ఐవీ, రేబిస్, ఒళ్ళంతా పాకిన ఇన్ఫెక్షన్, దేనివల్ల పోయారో తెలియని చావు, వీటికీ తీసుకోరు." ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుంటే పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నారే గానీ, ఓదార్పు కోసమైనా మాట మార్చలేదు. ఆవిడ నోట అబద్ధం రాదని వీధంతా నమ్మేది. నేనూ నమ్మాను.

2009లో ఆవిడకే రొమ్ములో గడ్డ కనిపించింది. రిటైర్మెంటుకి ఇంకా ఏడాది ఉంది. ఆపరేషన్, కీమోథెరపీ, జుట్టు రాలడం, నాలిక మీద ఏ రుచీ నిలవకపోవడం అన్నీ అయ్యాయి. జుట్టు మళ్ళీ వచ్చే నాటికి తలకి స్కార్ఫు కట్టుకునే స్కూలుకెళ్ళి చివరి బ్యాచికి పాఠాలు పూర్తి చేశారు. అయిదేళ్ళు గడిచాక క్యాన్సర్ డాక్టరు, ఇక ఏడాదికోసారి వచ్చి కనిపిస్తే చాలన్నారు.

ఆ వారమే నన్ను వెంటబెట్టుకుని కంటి డాక్టరుగారి దగ్గరికి వెళ్ళారు. "ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళ జబ్బులకి జవాబు చెప్పాను. ఇప్పుడు నా జబ్బుకి మీరు చెప్పండి. నా కళ్ళు పనికొస్తాయా?" అని సూటిగా అడిగారు.

డాక్టరుగారు బల్ల మీదున్న ప్లాస్టిక్ కంటి నమూనా అందుకుని, ముందున్న గాజులాంటి పొర ఊడదీసి ఆవిడ అరచేతిలో పెట్టారు. "గడియారం మీద అద్దం ఎలాగో కంటికి ఇది అలాగమ్మా. దీంట్లో రక్తనాళం ఒక్కటీ ఉండదు. పైనుంచి గాలీ, లోపల ఊరే నీరూ, వాటితోనే బతుకుతుంది. అందుకే కార్నియా మార్చేటప్పుడు బ్లడ్ గ్రూపు కలవాల్సిన పని కూడా లేదు. రక్తమే పారని చోటికి రొమ్ములో పుట్టిన జబ్బు వెళ్ళాలంటే దారేదీ? కంట్లోనే పుట్టిన క్యాన్సర్లూ, రక్తానికి సంబంధించిన క్యాన్సర్లూ అయితే తీసుకోం. మీది ఆ రెండూ కాదు."

"మరి తీసుకున్నాక?"

"ఊరికే తెచ్చి పెట్టెయ్యరు. రక్తం కాస్త తీసుకుని హెచ్ఐవీకీ, హెపటైటిస్‌కీ, సిఫిలిస్‌కీ పరీక్షిస్తారు. కార్నియాని మైక్రోస్కోపు కింద పెట్టి లోపలి పొరలో కణాలు లెక్క చూస్తారు. చదరపు మిల్లీమీటరుకి 2,000కి పైగా ఉంటే చూపు కోసం చేసే ఆపరేషన్‌కి దివ్యంగా పనికొస్తుంది. పనికిరాదనుకుంటే ఎవరికీ పెట్టరు, పరిశోధనకో శిక్షణకో వాడుకుంటారు. అంతేగాని క్యాన్సర్ వచ్చిందన్న ఒక్క మాట మీద గుమ్మంలోంచే వెనక్కి పంపరు."

కిడ్నీలూ కాలేయం సంగతి కూడా అడిగారావిడ. వాటి దారి వేరని డాక్టరుగారు చెప్పారు. గుండె ఆగి ఇంట్లో పోతే అవి పనికిరావు. ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద ఉండగా మెదడు పూర్తిగా చనిపోయిందని నలుగురు డాక్టర్లు, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి తేల్చినప్పుడే వాటి మాట వస్తుంది. వాటిలో రక్తం పారుతుంది కాబట్టి క్యాన్సర్ చరిత్రని చాలా జాగ్రత్తగా చూస్తారు. ఏ రకం, ఏ దశలో పట్టుకున్నారు, వైద్యం పూర్తయి ఎన్నేళ్ళైంది, ఇంకెక్కడికైనా పాకిందా అని అన్నీ తరచి, తీసుకునే మనిషికి ఉన్న ముప్పుతో బేరీజు వేసి, ఆ సమయానికి ఆ బృందమే నిర్ణయిస్తుంది. జబ్బు ఒంట్లో ఉన్నవాళ్ళవి సాధారణంగా తీసుకోరు. ఏనాడో నయమైనవాళ్ళని మాత్రం చూడకుండానే కాదనరు.

నేను నోరు తెరుచుకుని వింటున్నాను. పంతులమ్మగారి ముఖంలో మాత్రం ఆశ్చర్యం లేదు. ఆ పొరని తిరిగి నమూనాకి తొడుగుతూ, "కళ్ళ సంగతి తెలుసండీ. మీ నోట ఇంకోసారి విందామని వచ్చాను" అన్నారు. పుస్తకాల్లో చదివి ఉంటారనుకున్నాను.

అంగీకారపత్రం రాసి, సాక్షులుగా నా చేతా కోడలి చేతా సంతకాలు పెట్టించారు. నేత్రనిధి కార్డుకి లామినేషన్ చేయించి, వంటింటి గుమ్మం పక్కన గ్యాస్ పుస్తకం వేలాడే మేకుకే తగిలించారు. "నేను పోయాక మొదటి ఫోను చుట్టాలక్కాదు, ఈ నంబరుకి" అని కోడలికి ఎన్నిసార్లు చెప్పారో.

ఇంత పట్టుదలకి కారణం అందరికీ తెలిసిందే. వాళ్ళబ్బాయి ఎడమ కన్ను.

1992లో అతనికి పన్నెండేళ్ళు. అమ్మమ్మగారి ఊళ్ళో వరి చేలో పరిగెడుతుంటే ఆకు అంచు కంటికి గీసుకుంది. చిన్న గీతే కదా అని ఎవరో ఆకుపసరు పిండారు. చేలో గాయం, దానిమీద పసరు, పుండు పడి చీము పట్టింది. మన డెల్టాలో పల్లెటూరి పిల్లల కళ్ళు ఎన్ని ఇలా పోయాయో తలుచుకుంటే ఈనాటికీ నాకు కోపం వస్తుంది. పుండు మానేసరికి నల్లగుడ్డు మీద తెల్లగా పువ్వు వేసి, ఆ కంటికి వెలుతురూ చీకటీ తప్ప ఇంకేమీ తెలియకుండా పోయింది. నెలల తరబడి తిప్పగా తిప్పగా, హైదరాబాదులో ఒక పెద్ద కంటి ఆసుపత్రిలో దానం వచ్చిన కార్నియా దొరికింది. కన్ను నిలబడింది. ఇప్పటికీ దగ్గరగా చూస్తే నల్లగుడ్డు చుట్టూ సన్నటి తెల్లగీత, గుండ్రంగా, దారం చుట్టినంత పలచగా కనిపిస్తుంది. అతకేసిన చోటది.

ఆ కార్నియా ఇచ్చింది లారీ ప్రమాదంలో పోయిన ఇరవయ్యేళ్ళ కుర్రాడని పంతులమ్మగారు కొడుక్కి చెప్పారు. మాకూ అదే చెప్పారు. ఇచ్చినవాళ్ళ వివరాలు బయటపెట్టకూడదు కాబట్టి పేరూ ఊరూ ఎవరికీ తెలియదు. పేరు తెలియని ఆ కుర్రాడిని వాళ్ళబ్బాయి మరిచిపోలేదు. ఉద్యోగం వచ్చిన ఏడాది మొదలు, ఆపరేషన్ జరిగిన తేదీన రక్తదానం చేస్తాడు. ఊళ్ళో బళ్ళ మీద తిరిగే కుర్రాళ్ళని అయిదుగురిని పిలిచి హెల్మెట్లు కొనిస్తాడు. "మీలాంటివాడే నాకు చూపిచ్చి పోయాడు, మీరు జాగ్రత్తగా ఇంటికెళ్ళండి" అంటాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతు జీరపోవడం నేను విన్నాను. అంత మెత్తటి మనిషి.

ఆ హెల్మెట్ల రోజున పంతులమ్మగారు ఎందుకో ఇంట్లోంచి బయటికి వచ్చేవారు కాదు. ఆవిడ పద్ధతి ఆవిడది. శ్రావణమాసంలో వాయనాలు సర్దేటప్పుడు ఒకటి ఎక్కువ కట్టేవారు. రవికగుడ్డ, నానబెట్టిన శనగలు, రెండు అరటిపళ్ళు, పసుపు కుంకుమ పొట్లాలు. ఎవరికండీ ఇది అంటే, "ఉన్నారొకావిడ" అని, ప్రభుత్వాసుపత్రి ఆడవాళ్ళ వార్డులో ఎవరో ఒకరి ఒళ్ళో పెట్టి వచ్చేవారు.

కన్ను పాఠం ఎవరికి చెప్పినా ఒక సంగతి మాత్రం వదిలేవారు కాదు. ప్రపంచంలో కార్నియా మార్పిడి మొదటిసారి ఫలించింది 1905 డిసెంబరు 7న, ఇప్పటి చెక్ దేశంలో ఉన్న ఓలోమౌట్స్ పట్టణంలో. ఎడ్వర్డ్ జిర్మ్ అనే డాక్టరు చేశాడు. సున్నం పడి రెండు కళ్ళూ కాలిపోయిన ఒక కూలిమనిషికి ఒక కంట చూపొచ్చింది. మరి ఆ కార్నియా ఎక్కడిది? ఇనుపముక్కలు గుచ్చుకుని చూపు పోయి, తీసెయ్యక తప్పని పదకొండేళ్ళ పిల్లవాడి కంటిది. "దెబ్బతిని పనికిరాదని తీసేసిన కన్నే మొట్టమొదట ఇంకొకడికి చూపిచ్చింది. గుర్తుపెట్టుకోండి" అనేవారు పిల్లలతో. అది చెబుతున్నప్పుడు కొడుకు అక్కడుంటే, అతని వైపు చూసేవారు.

2023 డిసెంబరులో ఒక తెల్లవారుజామున గుండెపోటుతో పోయారు పంతులమ్మగారు. డెబ్బై ఒకటో ఏడు. క్యాన్సర్ తగ్గాక మళ్ళీ తల ఎత్తనేలేదు. 108 వచ్చేసరికే అంతా అయిపోయింది. వెనక వీధి డాక్టరుగారు వచ్చి నాడి చూసి, నాలుగున్నరకి ప్రాణం పోయిందన్నారు.

కోడలు పిలిస్తే వెళ్ళాను. చెయ్యాల్సినవి ఆవిడే నేర్పి పెట్టారు కాబట్టి చేతులు వాటంతటవే కదిలాయి. ఫ్యాను ఆపేశాను. రెప్పలు మూసి తడిదూది పెట్టాను. తల కిందకి రెండు దిళ్ళు జరిపి ఎత్తు చేశాను. కోడలు మేకుకున్న కార్డు తీసి రాజమండ్రికి ఫోను చేసింది. ఆరు గంటల్లోపు, అంటే పదిన్నరలోపు తీసుకోవాలనీ, ఇప్పుడే బయల్దేరుతున్నామనీ, పని పావుగంటలో అయిపోతుందనీ, ముఖంలో ఏ తేడా తెలియదనీ వాళ్ళు చెప్పారు.

అబ్బాయి అప్పటిదాకా తల్లి కాళ్ళ దగ్గర తల పెట్టి ఏడుస్తున్నాడు. ఫోను మాట చెవిన పడి లేచాడు.

"వద్దు" అన్నాడు.

"అత్తయ్యగారు రాసిచ్చారు కదండీ" అంది కోడలు.

"అమ్మ ప్రేమ కొద్దీ రాసింది. ఆ ఒంట్లో క్యాన్సర్ తిరిగింది. ఈ కళ్ళు తీసుకెళ్ళి ఎవరికి పెడతారు? నాలాంటి ఏ పసివాడికో పెడతారు. వాడికి రేపేమైనా అయితే?"

డాక్టరుగారు ఆ రోజు చెప్పిందంతా చెప్పాను. రక్తనాళాలుండవనీ, పరీక్షలు చేశాకే పెడతారనీ, మీ అమ్మే వీధందరికీ ఇదే చెప్పిందనీ ఎన్ని విధాలుగానో చెప్పాను. అతను నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అక్కా, నాకు పెట్టింది ఏ జబ్బూ ఎరగని కుర్రాడి కన్ను. దానమంటే అలాంటిదివ్వాలి. నేను మంచిది పుచ్చుకుని, ఇంకొకరి బిడ్డకి క్యాన్సర్ మనిషి కన్ను ఇవ్వమంటావా? ఆ కుర్రాడి ముఖం నేనెలా చూడను?"

పిసినారితనంతోనో, శవాన్ని కొయ్యకూడదన్న పట్టింపుతోనో ఎవరైనా కాదంటే వాదించగలం. ఎదుటివాడి బిడ్డ మీద జాలితో కాదంటున్న మనిషితో ఏం వాదిస్తాం? నేత్రనిధి అతను దారిలోంచే ఫోనులో మాట్లాడాడు. ఎంతో ఓపిగ్గా, "అయ్యా, మేం తీసుకుని పరీక్ష చేస్తాం. అనుమానముంటే ఎవరికీ పెట్టం. ఆ పూచీ మాది. మీరు సంతకం ఒక్కటి పెట్టండి" అన్నాడు. సంతకం దగ్గరే ఆగిపోయింది. మనిషి బతికుండగా సాక్షుల ఎదుట రాసిచ్చిన మాటకి చట్టంలో చోటుంది. కానీ మన దేశంలో ఎక్కడైనా సరే, కన్నబిడ్డ వద్దంటుంటే ఆ కాగితం చూపించి శవం మీద చెయ్యి వేసేవాళ్ళు లేరు. కార్డు మీద పేరు రాయించుకున్న ప్రతివాళ్ళూ ఇంట్లోవాళ్ళని కూడా ఒప్పించుకుని తీరాలనడం అందుకే.

రావులపాలెం దాటిన బండిని అబ్బాయే వెనక్కి పొమ్మన్నాడు. గోడగడియారం పదిన్నర దాటాక కోడలు వెళ్ళి, అత్తగారి కనురెప్పల మీది తడిదూది తీసేసింది. మధ్యాహ్నానికి తీసుకెళ్ళిపోయారు.

పెద్దమ్మగారు మర్నాడు సాయంత్రానికి గానీ రాలేకపోయారు. పంతులమ్మగారికి ఒక్కగానొక్క అక్క. పెళ్ళైన దగ్గరనుంచీ ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలోనే కాపురం. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి, రైలు దిగి రాజమండ్రి నుంచి కారులో వచ్చారు. కాళ్ళు కడుక్కుని, దీపం ముందు కూలబడి కాసేపు ఏడ్చారు. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని అబ్బాయిని దగ్గరికి పిలిచారు.

"కళ్ళు తీసుకెళ్ళారా నాన్నా?"

అతను తల దించుకుని చెప్పాడు. తప్పు చేసినవాడిలా కాదు, కష్టమైనా సరైన పని చేసినవాడిలాగే చెప్పాడు. క్యాన్సర్ మాట చెప్పాడు. ఎవరి పసివాడికో పెడితే అన్న మాట చెప్పాడు. ఆ కుర్రాడి మంచి కన్ను పుచ్చుకుని ఇలాంటిదివ్వడానికి మనసొప్పలేదని చెప్పాడు.

పెద్దమ్మగారు అర్థం కానట్టు అతని వైపు చూశారు.

"ఏ కుర్రాడురా?"

"అదే పెద్దమ్మా, లారీ కింద పడి పోయిన కుర్రాడు. నాకు కన్నిచ్చిన…"

"కుర్రాడెవడూ లేడురా!" అన్నారావిడ. "భయపడతావని మీ అమ్మ అల్లిన కథ అది. దానికే రొమ్ము జబ్బు వచ్చాక, ఈ కన్ను వల్ల నాకూ వస్తుందేమోనని నువ్వు కుమిలిపోతావని, అప్పుడూ చెప్పనివ్వలేదు. ఆ రాత్రి ఆసుపత్రిలో దాని పక్కన ఉన్నది నేను. ఎవరి కన్ను బాబూ అని అడిగాం. పేరు చెప్పకూడదమ్మా, రొమ్ము క్యాన్సర్‌తో పోయిన ఒక పెద్దావిడది, కన్ను మాత్రం శుభ్రంగా ఉంది, మీకిష్టం లేకపోతే ఇంకొకరికి పెడతాం అన్నాడు డాక్టరు. ఆవిడ పిల్లలు ఇస్తామంటుంటే వద్దనడానికి మనమెవరమే అక్కా అని, మీ అమ్మ సంతకం పెట్టేసింది."